పసిదానితో అన్నవరయాత్ర

గోదావరితీరమున నున్నవారికి అన్నవరము దూరదేశము కాదు. రాజమహేంద్రవరమునుండి బాటవెంట నించుమించు 70 కిలోమీటర్లు. ఇంట పెండ్లి జరిగినను, గృహప్రవేశమైనను రత్నగిరి నెక్కి సత్యదేవుని వ్రతము చేసికొని, ఆకుపొట్లములోని గోధుమనూక ప్రసాదముతో ఇల్లు చేరుట మనకందఱకు వాడుకయే. కావున సోదరీమణులకు తెలిసిన క్షేత్రమును మరల వర్ణించుట మా యుద్దేశము కాదు. దంతములు మొలచుచున్న ఏడునెలల బిడ్డను చంకనెత్తుకొని పోవు తల్లికి ఆ దారియు, ఆ కొండయు నెట్లు కనబడునో యది వ్రాయదలచితిమి. యాత్రలను గూర్చి వ్రాయువారు చాలవఱకు పురుషులు. వారి చంకలో బిడ్డ యుండదు; కావున వారి దృష్టి గోపురములమీద నిలుచును.

మా పాప కడుపులో నుండగా అత్తగారు మ్రొక్కిన మ్రొక్కిది. తీర రోజు నిశ్చయమైన వారముననే పాపకు క్రిందిచిగురు వాచి ఎఱ్ఱబడెను. చొంగ కారి గడ్డము క్రింద చర్మము ఒరసికొనిపోయెను. చేతికందినదెల్ల నోటికి పోవుచుండెను. మా మంగళసూత్రములు సైతము దాని చిగుళ్ళ పాలయ్యెను. ప్రయాణము ఆపుదమా యని మావారడిగిరి. బడికి సెలవులు మరల నెప్పుడు వచ్చునో! పైగా పాలదంతము లిరువదియు వచ్చుసరికి బిడ్డకు మూడేండ్లు నిండవచ్చును. అంతవఱకు ఇల్లు కదలని తల్లి యెవ్వరు? బయలుదేరితిమి.

బండి కొవ్వూరు చేరకముందే ఏడుపు మొదలయ్యెను. పాలిచ్చినచో రెండు గ్రుక్కలు త్రాగి, విడిచి, విఱుచుకొని పడును. భుజముపై వేసికొన్నచో భుజమును కొఱకును. పెట్టెలోని వారందఱును మొదట జాలిపడిరి, పిమ్మట సలహాలు చెప్పిరి, తుదకు కిటికీవైపు తిరిగిరి. బిడ్డ యేడుపుకంటె ఆ తిరిగిన ముఖములే తల్లి నెక్కువ బాధించును.

అంతలో గోదావరి వచ్చెను. ఇచ్చట నదిపై మూడు రైలువంతెనలు కలవు. 1900లో బండ్లు నడువ మొదలిడి 1997లో విశ్రాంతి గొన్న పాతవంతెన నీటిపై నూరకే నిలిచియున్నది. 1974నాటి వంతెనకు క్రింద రైలు, పైన రోడ్డు. మూడవది విల్లుల వంతెన. ఒక్కొక్కటి ఇంచుమించు 97 మీటర్ల పొడవుగల 28 కాంక్రీటు విండ్లు వరుసగా దానిని మోయుచున్నవి. మా బండి దీనిమీదనే పోయెను. విండ్లనుండి వ్రేలు కడ్డీల నీడలు కిటికీగుండ పాప ముఖముమీద పడుచు, తొలగుచు, మరల పడుచు పోయెను. చక్రముల ధ్వని తాళము వేసినట్లు మారెను. పాప తెఱచిన నోరు తెఱచినట్లే యుంచి ఏడుపు మఱచెను. ఇంజనీర్లు ఆ వంతెన నింకను పొడవుగా కట్టియుండరాదా యని మాకు తోచెను.

రాజమహేంద్రవరము విడిచి కడియపు పూలతోటల సీమ దాటుసరికి మరల ఆరంభము. ఎదురుబల్లపై నున్న ఒక పెద్దమ్మగారు సంచినుండి చిన్న మందుగొట్టము తీసి, "చిగురుకు రాయవమ్మా, క్షణములో తిమ్మిరెక్కును. మా మనుమనికి వాడితిమి" అనిరి. ఆమె మనసు మంచిది. కాని చిగురును మొద్దుబార్చు బెంజోకెయిన్ అను మందు, అరుదుగానైనను, పసివారి నెత్తురునకు ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించి ప్రాణముమీదికి తేగలదు. రెండేండ్లలోపువారికి దంతబాధకై దానిని వాడరాదని అమెరికా ఔషధాధికారులు 2018లో గట్టిగా చెప్పిరి. అదియునుగాక, చొంగతో కొట్టుకొనిపోవు మందు చిగురుపై ఎంతసేపు నిలుచును? "మా డాక్టరుగారు వలదన్నారు, పిన్నిగారూ" అని నమస్కరించితిమి. వైద్యుని పేరు చెప్పినచో పెద్దలకు కోపము రాదు. తేనె నాకింపుమని మఱియొకరనిరి. ఏడాది నిండని బిడ్డకు తేనె తగదు. అందు దాగియుండగల విషక్రిములు లేతప్రేగులలో పెరుగవచ్చును. దానికిని డాక్టరుగారే యడ్డుపడిరి.

సామర్లకోటలో బండి నిలిచినప్పుడు మావారు చల్లని నీళ్ళసీసా కొనితెచ్చిరి. ఉతికిన మెత్తనిగుడ్డ కొసను ఆ నీట తడిపి, పిండి, సీసాకు చుట్టి కొంతసేపుంచి, చల్లబడిన కొసను పాప నోటికిచ్చితిమి. మంచుగడ్డ మాత్రము పెట్టరాదు. అది లేతచిగురును గాయపఱచును. చేయి శుభ్రముగా కడిగికొని వ్రేలితో చిగురును మెల్లగా ఒత్తితిమి. పాప కన్నులు అరమోడ్పులయ్యెను. పిఠాపురము, గొల్లప్రోలు ఎప్పుడు గడచెనో తెలియదు. పాదగయకు దూరమునుండియైనను చేతులు జోడింపవలెనన్న అత్తగారును నిద్రించుచుండిరి.

2022 నుండి అన్నవరము కాకినాడ జిల్లాలో చేరినది. కొండ గొప్ప యెత్తేమియు కాదు. ప్రక్కనే పంప. 1891లో ప్రతిష్ఠితుడైన స్వామికి రథాకారముగా కట్టిన ఆలయము. క్రిందియంతస్తున యంత్రము, మీదియంతస్తున స్వామి, ఎడమవైపు అనంతలక్ష్మి, కుడివైపు శివుడు. సాయంకాలమున కొండమీది గాలికి పాప చెమట ఆఱెను. పంప నీటిపై ప్రొద్దు క్రుంకుట చూచుచు అది తన పిడికిలిని తానే నమలుచు గంటసేపు మాకు విశ్రాంతి నిచ్చెను. ఈ యాత్రలో మేము తనివితీర చూచిన దృశ్యము ఇదియొక్కటే.

మఱునాటి యుదయమున వ్రతమండపములో ఇతరదంపతులతో బారుగా కూర్చుంటిమి. రెండవ కథ నడుచుచుండగా పాప గొంతు మండపమును నింపెను. నడుమ లేవరాదని ప్రక్కవారు గొణిగిరి. మాకు భాగవతములోని శకటాసురుని ఘట్టము జ్ఞప్తికి వచ్చెను. ఇంటికి వచ్చినవారిని పూజించు సందడిలో యశోదకు బండిక్రింద పరుండిన కొడుకు ఏడుపు వినబడలేదు. చేయుచున్నది శుభకార్యమే, వచ్చినవారు పూజ్యులే. ఐనను పాలకై యేడ్చిన బిడ్డ కాలు జాడింపగా బండి తలక్రిందయ్యెను. మేము చెంగు కప్పి పాలిచ్చుచునే తక్కిన కథలన్నియు వింటిమి. పురోహితులు మావైపు చూచి స్వరము పెంచిరి, అంతే.

ఆ రాత్రి గదిలో పాప యేడ్చిన యేడుపు వేఱు. పగటి యేడుపు చల్లనిగుడ్డకు లొంగును, వ్రేలికి లొంగును, ఒక్కొక్కప్పుడు ఎత్తుకొన్న చాలును. ఇది దేనికిని లొంగలేదు. భుజముపై నిలువుగా నున్నంతసేపు మూలుగును. పండబెట్టిన తోడనే కెవ్వుమనును. ఒడలు కాలుచుండెను. థర్మామీటరు 102 డిగ్రీలు చూపెను.

"పండ్లజ్వరమే అమ్మాయీ, మా పిల్లలందఱకు వచ్చినదే. గసగసాలు తెచ్చితిని. నూఱి పాలలో రంగరించి పట్టినచో తెల్లవారువఱకు హాయిగా పండుకొనును" అని అత్తగారనిరి.

ఆమె మాటకు గ్రంథాధారము లేకపోలేదు. చిన్ననాట మా తండ్రిగారియొద్ద కొంత చదివిన అష్టాంగహృదయములో వాగ్భటుడు దంతములు మొలచుట సర్వరోగములకును, అందును జ్వరము, విరేచనములు, దగ్గు, వాంతి మొదలగువానికి కారణమనినాడు. దంతము వచ్చినపిదప అవి తమంత తామే తగ్గును గాన బిడ్డను చికిత్సలతో మిక్కిలి బాధింపవలదని కూడ ఆయనయే చెప్పినాడు. ఈ రెండవమాట బంగారము. మొదటిమాటను నేటివైద్యులు ఒప్పుకొనరు. దంతమువలన ఒడలు కొంచెము వెచ్చబడవచ్చును గాని 100.4 డిగ్రీలును, అంతకు మించియు వచ్చు జ్వరమునకు వేఱుకారణము వెదకవలెనని వారి నిర్ణయము. తల్లి గర్భమున నుండగా సంక్రమించిన రక్షణశక్తి ఆఱవనెల ప్రాంతమున బిడ్డకు క్షీణించును. అప్పుడే ప్రాకుచు, దొరికినదెల్ల నోట పెట్టుకొనును. అప్పుడే దంతములును వచ్చును. రోగము తెచ్చినది ఒకటి, నింద మోసినది దంతము.

ఇక గసగసాలు నల్లమందుమొక్క గింజలే కదా. గింజలో మత్తు స్వల్పమే. కాని కాయపాలు ఏ గింజల కెంత అంటియున్నదో కంటితో చూచి చెప్పలేము, పసివారి యూపిరిని మందగింపజేయుటకు కొంచెమే చాలును. ఈ వాడుక మనదేశమునకే చెల్లలేదు. అమెరికాలో విన్‌స్లో అమ్మగారి పేర 1849 నుండి అమ్మిన దంతబాధపానకములో మార్ఫిను కలిసియుండెను. సీసాపై ఆ సంగతి వ్రాయక తప్పదని 1906లో చట్టము వచ్చెను. 1911లో అచ్చటి వైద్యసంఘము దానిని శిశుహంతకముల పట్టికలో చేర్చెను. బిడ్డలు శాంతించిరని మురిసి అన్నియేండ్లు దానిని కొన్నవారును మనవంటి తల్లులే.

ఇదంతయు అర్ధరాత్రి అత్తగారికి ఉపన్యసించుటకు వీలు కాదు. "అత్తయ్యగారూ, మీ మ్రొక్కువలన దక్కిన బిడ్డ యిది. తెల్లవారువఱకు మత్తులో పడియుండినచో జ్వరము పెరిగినదో తగ్గినదో మన కెవరు చెప్పుదురు? ఏడ్చుచున్నంతసేపు అది మనతో మాటాడుచున్నట్లే కదా" అంటిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. మావారు నేలవైపు చూచుచుండిరి. తల్లికిని భార్యకును నడుమ చిక్కిన పురుషులు సాధారణముగా నేలనే చూతురు. పిమ్మట ఆమెయే చెప్పులు తొడిగికొని, "పదండి, ఏ డాక్టరో చూడుడు" అనిరి.

బాడుగకారులో తునికి పోయితిమి. 18 కిలోమీటర్ల దారి. పాపను నిలువుగానే యెత్తుకొంటిమి. వైద్యుడు చిన్నదీపముతో చెవిలో చూచి, కర్ణభేరి ఎఱ్ఱబడి ఉబ్బినదనియు, లోపల చీముపట్టుచున్నదనియు, పండుకొన్నప్పుడు ఆ పోటు హెచ్చుననియు చెప్పెను. పాప తూకము చూచి దానికి తగిన మోతాదున మందులు వ్రాసెను. "దంతమును వచ్చుచున్నదమ్మా, కాని ఈ జ్వరము దానిది కాదు" అనెను. అత్తగారు ఆ మాటను రెండుమారులు చెప్పించుకొని వినిరి.

మూడవనాటికి జ్వరము విడిచెను. ఇల్లు చేరిన మఱునాడు నీళ్ళు పట్టు వెండిచెంచా పాప నోట టింగుమని మ్రోగెను. కాశ్యపసంహితలో ఎనిమిదవమాసమున మొలచు దంతములు శ్రేష్ఠములని కలదు. మా పాప యొకనెల తొందరపడినది. అత్తగారు ఇరుగుపొరుగువారి నందఱను పిలిచి ఆ చెంచాను మరల మరల మ్రోగించి చూపిరి.

భోజనములైన పిదప ఆ గసగసాల పొట్ల మేమైనదని అడిగితిమి.

"ఇప్పుడు నీవు రెండుమారులు వేయించుకొన్న వంకాయకూర దేనితో రుచించినదనుకొంటివి?" అని ఆమె ఆకులెత్తుచు అనిరి.