పదమూడో తారీఖు

2021 నవంబరులో పోడు పట్టాలకి మళ్ళీ దరఖాస్తులు తీసుకుంటున్నారంటే సెలవు పెట్టి టేకులపల్లి వెళ్ళాను. అటవీ హక్కుల చట్టం 2006ది. కానీ అది గీత గీసింది 2005 డిసెంబరు 13 దగ్గర. అంతకు ముందు నుంచీ ఆ భూమి చేతిలో ఉన్నవాళ్ళకే హక్కు. మావాళ్ళ పేర్లూ, ఒక్కొక్కరి దగ్గరున్న అన్నిటికంటే పాత కాగితం తేదీ ఒక సీఎస్‌వీ ఫైల్లోకి ఎక్కించి, ఎస్‌క్యూలైట్‌లో అడిగాను: '13-12-2005' కంటే తక్కువ తేదీ ఉన్నవాళ్ళని చూపించు.

చూపించింది. ఎర్రర్ రాలేదు. వచ్చుంటే బాగుండేది.

రాత్రి పేర్లు చదువుతుంటే అమ్మ అడ్డం పడింది. "మీ పెదనాయిన ఏడిరా?"

లేడు. పెదనాయిన కాగితం 20-06-1998ది, అప్పట్లో ఆయన మీద పెట్టిన పోడు కేసు. (చెట్లు కొట్టావని రాసిన కాగితమే ఇప్పుడు సాక్ష్యం!) అదే జాబితాలో 05-08-2009 వాళ్ళు మాత్రం దర్జాగా ఉన్నారు.

ఫైల్లో ఉన్నవి తేదీలు కావు, ఉత్త అక్షరాలు. ఎస్‌క్యూలైట్‌కి అసలు తేదీ అనే రకమే లేదు. నిఘంటువులో మాటల్లా ఎడమ నుంచి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పోతుంది. '2' కంటే '1' ముందు కాబట్టి ఇరవయ్యో తారీఖు వాళ్ళంతా అవుట్. సంవత్సరం దాకా అది పోనే లేదు. నెల తిరిగే లోపల పుట్టిన తప్పుకి ఏడేళ్ళ సాగు చెల్లకుండా పోయింది.

మందు తేలికే. సంవత్సరం ముందు, తర్వాత నెల, చివర రోజు: 1998-06-20. అలా రాస్తే అక్షరాల వరసా కాలం వరసా ఒకటే అవుతాయి. సబ్‌స్ట్రింగ్‌తో ముక్కలు కోసి తిప్పి పెట్టాను. '5-8-98' అని రాసిన పిల్లల్ని తిట్టుకుంటూ, అవి మాత్రం చేత్తో దిద్దాను. పెదనాయిన వచ్చాడు.

తాత రాలేదు. ఆయన దగ్గర కాగితమే లేదు. "గోదారి పెద్ద వరదొచ్చినేడు నాటికే జొన్న వేసినం బిడ్డా" అన్నాడు. 1986 ఆగస్టు అది, భద్రాచలం దగ్గర నీళ్ళు 75 అడుగులు దాటాయి. మరి ఏ తారీఖు వెయ్యను? శూన్య విలువ పెట్టాననుకో. గీతకి ముందా అంటే రాదు, తర్వాతా అంటే కూడా రాదు.

పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని నిబంధనల్లో ఉంది. లాప్‌టాప్ మూసి, తెల్లకాగితం తీసి, "మళ్ళీ చెప్పు తాతా, ఆ వరదప్పుడు" అన్నాను.