పాదానికి తగిన రక్ష

మానవశరీరంలో మిక్కిలి శ్రమించి, మిక్కిలి తక్కువ ఆదరం పొందే అవయవం పాదం. ముఖానికి అద్దం ఉన్నది, చేతికి ఉంగరం ఉన్నది. పాదం వంతుకు మాత్రం ధూళి, రాయి, ముల్లు మిగిలాయి. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 30కి పైగా కీళ్ళు ఉన్నాయి. దేహభారమంతా అవే మోస్తున్నాయి. వాటికి కలిగిన చిన్న బాధ మోకాలికి, నడుముకు, చివరకు మనస్సుకు కూడా ప్రాకుతుంది. చెప్పులో దూరిన రాయిని సహింపరాని బాధలలో ఒకటిగా వేమన లెక్కించింది ఊరక కాదు. భరతుడు అన్నగారి పాదుకలను సింహాసనం మీద నిలిపి రాజ్యం నడిపిన కథను తరతరాలుగా వింటున్నాము. పాదరక్షకు అంతటి గౌరవం ఇచ్చిన మనమే అంగడికి వెళ్ళినప్పుడు దాని రంగు చూస్తాము, ధర చూస్తాము. పాదాన్ని మాత్రం చూడము.

కృష్ణాతీరపు పల్లె నుండి పైచదువుకై అమెరికా వెళ్ళిన ఒక విద్యార్థికి ఈ విషయం ఒక ఆట మూలంగా తెలిసివచ్చింది.

అతడు చేరిన విశ్వవిద్యాలయం కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలిస్ నగర ప్రాంతంలో ఉన్నది. అక్కడికి ఈశాన్యంగా, పాసడీనా చెంత, ఓక్ వృక్షాల నడుమ ఒక ఉద్యానం ఉన్నది. ఒకప్పుడు ఓక్ గ్రోవ్ పార్కు అని పిలిచిన ఆ చోటు తరువాత హహమోంగ్నా వాటర్‌షెడ్ పార్కు అయినది. డిస్క్ గోల్ఫ్ అనే ఆటకు మొట్టమొదటి శాశ్వత క్రీడాస్థలం 1975లో అక్కడే ఏర్పడింది. దానిని రూపొందించినవాడు ఎడ్ హెడ్రిక్. గోల్ఫ్ ఆటలో బంతి, కర్ర, గుంత ఉంటాయి. ఈ ఆటలో వాటికి బదులుగా ప్లాస్టిక్ బిళ్ళ, ఆటగాని చేయి, ఇనుప గొలుసులు వ్రేలాడే బుట్ట ఉంటాయి. ఆ గొలుసుల బుట్టకు హెడ్రిక్ 1977లో పేటెంటు పొందాడు. అంతకు ముందు సంవత్సరమే ఆటగాళ్ళ సంఘాన్ని కూడా స్థాపించాడు. 2002లో ఆయన మరణించిన పిమ్మట, ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని బిళ్ళలను పోతపోశారు. ఆట మీద అంతటి మమకారం గలవారు అరుదు.

ఈ క్రీడకు అమెరికాలో ప్రజాదరణ కలగడానికి ముఖ్యకారణం ఖర్చు తక్కువ కావడమే. చాలా క్రీడాస్థలాలు ప్రజల ఉద్యానాలలో ఉంటాయి, ప్రవేశరుసుము ఉండదు. రెండుమూడు బిళ్ళలుంటే ఎవరైనా ఆడవచ్చు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థికి ఇంతకంటె కావలసినదేమున్నది? సహాధ్యాయుల వెంట అతడు ప్రతి ఆదివారం ఉదయమే ఆటకు వెళ్ళసాగాడు. బిళ్ళలను ఏరి ఏరి కొన్నాడు. ఏది దూరం పోతుంది, ఏది వంపు తిరుగుతుంది, ఏది బుట్ట దగ్గర నిలకడగా వ్రాలుతుంది అని గంటలకొలది చర్చించాడు. బూట్ల విషయంలో మాత్రం చర్చ లేదు. తగ్గింపు ధరకు అమ్ముతున్న ఒక జతను, నిగనిగలాడే తెల్లని రంగు చూసి, ఐదు నిమిషాలలో కొనివేశాడు.

చూచేవారికి ఈ ఆట చేతి ఆటగా తోస్తుంది. నిజానికి ఇది కాళ్ళ ఆట. 18 బుట్టలను చుట్టివచ్చేసరికి ఆటగాడు కొన్ని కిలోమీటర్లు నడుస్తాడు. ఆ నడక చదునైన బాట మీద సాగేది కాదు. గడ్డి, గులకరాళ్ళు, చెట్ల వేళ్ళు, ఏటవాలు గట్లు దాటుతూ సాగుతుంది. ఇక బిళ్ళను విసిరే తీరు మరింత కఠినం. కుడిచేతివాటం గలవాడు ఎడమప్రక్కనుండి బిళ్ళను విసిరేటప్పుడు రెండుమూడు అడుగులు ప్రక్కవాటుగా వేస్తాడు. ఎడమకాలు కుడికాలి వెనుకగా దాటుతుంది. ఆపై కుడికాలు ముందుకు పడి నేలమీద గట్టిగా ఊనుకొంటుంది. పరుగు వేగమంతా ఆ ఒక్క కాలిమీద ఆగి, నడుము ద్వారా భుజానికి, భుజం నుండి బిళ్ళకు చేరుతుంది. బిళ్ళ చేయి విడిచిన మరుక్షణం దేహం గిరుక్కున తిరుగుతుంది. దానితోపాటు ఊనిన పాదం కూడా మడమ మీద తిరగాలి. వెనుకనున్న ఎడమపాదం వ్రేళ్ళ కొనలను నేలకు రాస్తూ ఈడ్చుకొని వస్తుంది. ఆట ప్రారంభించే చోట తరచుగా కాంక్రీటు అరుగులుంటాయి. గరుకైన ఆ అరుగుమీద ఒక పూటలో ఎన్నోమార్లు బూటుకొన రాసుకొంటే ఏమగునో ఊహింపవచ్చు.

మూడు నెలలు తిరగకుండానే విద్యార్థి ఎడమబూటు కొన చిరిగి మేజోడు బయటపడింది. అడుగుభాగం అరిగి అద్దమువలె నునుపెక్కింది. అతడు దానిని లెక్కచేయలేదు. ఆ ప్రాంతంలో వర్షాలు శీతకాలంలో కురుస్తాయి. జనవరి నెలలో ఒక ఉదయం, రాత్రి కురిసిన వాన ఆరని అరుగుమీద అతడు కాలు ఊనగానే బూటు జారింది. దేహం ఒకవైపు తిరిగింది, మోకాలు మరొకవైపు మెలిపడింది. ఎముక విరుగలేదు గాని కీలు బెణికి వాచింది. ఆరువారాలు ఆట మాట అటుంచి, మెట్లెక్కడమే కష్టమైనది. బూట్లలో మిగిల్చిన సొమ్ముకు ఎన్నోరెట్లు వైద్యానికి చెల్లింపవలసి వచ్చింది.

ఆ రాత్రి ఊరినుండి తాతగారు ఫోను చేశారు. సంగతంతా విని, ముందుగా అడిగిన ప్రశ్న ఒక్కటే.

"కాళ్ళకు ఏం తొడుక్కున్నావురా నాయనా?"

"మామూలు బూట్లే తాతయ్యా. చవగ్గా వస్తే కొన్నాను."

"కొలత ఇచ్చి కొన్నావా, కంటితో చూసి కొన్నావా?"

మనుమడు సమాధానం చెప్పలేకపోయాడు. తాతగారు అరవై యేండ్లు పొలం గట్లమీద నడిచిన మనిషి. ఆయన యౌవనంలో ఊరిలో చెప్పులు కుట్టే పెద్దాయన ఒకడు ఉండేవాడు. ఎవరికి చెప్పులు కావలసినా కాగితం పరచి, రెండు పాదాలూ మోపి నిలబడమనేవాడు. పాదం చుట్టూ గీత గీసుకొనేవాడు. పాత చెప్పులను తిరగవేసి, ఎక్కడ అరిగినవో వ్రేలితో తడిమేవాడు. "చెప్పు కాలిని బట్టి ఉండాలి గాని, కాలు చెప్పును బట్టి ఒదగకూడదు" అనేవాడట. తాతగారు ఆ మాట చెప్పి, "ఆయనకు నీ ఆట తెలియదు గాని, నీ కాలు తెలిసేదిరా" అన్నారు.

మోకాలు నయమయ్యేలోగా విద్యార్థి పాదరక్షల విషయం శ్రద్ధగా తెలుసుకొన్నాడు. మొదట అతనికి తోచిన ఆలోచన, జారినందువల్ల ప్రమాదం జరిగింది కాబట్టి, నేలను అతిగట్టిగా పట్టుకొనే బూట్లు కొనాలని. అడుగున మేకులవంటి బొడిపెలుండే ఫుట్‌బాల్ బూట్లు అతని కంటికి ఆనాయి. ఆ మైదానానికి నిత్యం వచ్చే ఒక వృద్ధక్రీడాకారుడు అతనిని వారించాడు. పచ్చికలో ఆ బొడిపెలు దిగబడితే పాదం తిరుగక నిలిచిపోతుంది. పైనున్న దేహం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ మెలి అంతా మోకాలే భరించాలి. కాంక్రీటు మీదనో, బొడిపెల కొనలు మాత్రమే నేలను తాకుతాయి గనుక పట్టు మరింత తగ్గుతుంది. జారుడు ఎంత ప్రమాదమో, మితిమీరిన పట్టు కూడా అంతే ప్రమాదం. కాలు ఊనినప్పుడు నిలవాలి, తిరగవలసినప్పుడు తిరగాలి. పాదరక్షలో ఈ రెండు గుణాలకూ పొత్తు కుదరాలి.

పరుగుపందెపు బూట్లు తేలికైనవి. కాని అవి ముందుకు సాగే కదలికకు తగినట్లుగా చేసినవి. వాటి ఎత్తైన మెత్తని నురుగు, ప్రక్కకు ఒత్తిడి కలిగినప్పుడు ఒరిగిపోతుంది. పైనుండే వలగుడ్డ కొనవద్ద త్వరగా చిరుగుతుంది. టెన్నిస్ బూట్లు ప్రక్కవాటు కదలికకు దృఢంగా నిలుస్తాయి గాని తడిగడ్డిమీద తేలిపోతాయి. పర్వతారోహణకు వాడే ఎత్తైన బూట్లు గట్టివే, కాని బరువెక్కువ. కొండబాటలలో పరుగెత్తేవారి కోసం, నడిచేవారి కోసం చేసిన పొట్టి బూట్లు ఈ ఆటకు చాలావరకు అనుకూలిస్తాయి. వాటి కొనకు రబ్బరు తొడుగు ఉంటుంది. అడుగున మరీ లోతుగాని, మరీ నునుపుగాని కాని గాళ్ళు ఉంటాయి. మడమ కదలకుండా గట్టి కట్టు ఉంటుంది.

అడుగుభాగపు రబ్బరుకు ఒక చరిత్ర ఉన్నది. పచ్చిరబ్బరు ఎండకు జిగటగా మారుతుంది, చలికి పెళుసెక్కుతుంది. దానిని గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడి సాగేగుణం నిలుస్తుందని చార్లెస్ గుడియర్ 1839లో కనుగొన్నాడు. 1935లో ఇటలీ ఆల్ప్స్ పర్వతాలలో ఆరుగురు ఆరోహకులు మరణించారు. మంచుకు తగిన పాదరక్షలు లేకపోవడం అందుకు ఒక కారణం. వారి మిత్రుడైన విటాలె బ్రమానీ ఆ దుఃఖాన్ని దిగమ్రింగి, లోతైన గాళ్ళు గల రబ్బరు అడుగును 1937లో తయారుచేశాడు. ఆయన పేరులోని అక్షరాల నుండే 'వైబ్రమ్' అనే పేరు పుట్టింది. నేడు సామాన్యుడు కొండమీద జారకుండా నడుస్తున్నాడంటే దాని వెనుక ఆ ఆరు ప్రాణాల జ్ఞాపకం ఉన్నది.

రబ్బరులో కూడా ఒక చిక్కు ఉన్నది. మెత్తని రబ్బరు తడినేలను బాగా పట్టుకొంటుంది, కాని త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువకాలం మన్నుతుంది, కాని తడిలో జారుతుంది. నీరు చొరకుండా లోపల పొర అమర్చిన బూట్ల సంగతి కూడా ఇట్టిదే. అవి మంచును, తడిగడ్డిని అడ్డుకొంటాయి. కాని లోపలి చెమటను కూడా నెమ్మదిగానే వదులుతాయి. పైనుండి నీరు దూరితే తొందరగా ఆరవు. వానలు మెండుగా కురిసే ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలలో అవి మేలు. కాలిఫోర్నియా వేసవికి గాలి ఆడే గుడ్డ మేలు. కాబట్టి అన్నివిధాల ఉత్తమమైన బూటు అంటూ ఒకటి లేదు. ఈ కాలికి, ఈ నేలకు, ఈ ఆటకు తగినది మాత్రమే ఉన్నది.

విద్యార్థి ఈసారి సాయంకాలం వేళ అంగడికి వెళ్ళాడు. పగలంతా నడిచిన పాదం కొంచెం ఉబ్బుతుంది. ఉదయం సరిపోయిన బూటు సాయంకాలానికి బిగుతు కావచ్చు. ఆటకు తొడిగే మేజోళ్ళనే వెంట తీసుకొనిపోయాడు. నూలు మేజోళ్ళు చెమటను పీల్చి తడిగా నిలుపుకొంటాయి. తడి, రాపిడి తోడైతే బొబ్బలు లేస్తాయి. అందువల్ల సన్నని ఉన్ని మేజోళ్ళను ఎంచుకొన్నాడు. కాగితం మీద గీసిన పాదాలలో ఎడమది కొద్దిగా పెద్దదని తేలింది. పెద్దపాదానికే కొలత చూచుకొన్నాడు. బొటనవ్రేలి ముందు ఒక వ్రేలి వెడల్పు ఖాళీ ఉంచాడు. మడమ పైకి లేవకుండా ఉన్నదో లేదో నడిచి చూశాడు. అంతటితో ఆగక, అంగడి మూలలో బిళ్ళ విసిరే అడుగులు వేసి, మడమమీద తిరిగి చూశాడు. కొందరు నవ్వారు. అతడు సిగ్గుపడలేదు. ధర మునుపటి జతకు రెట్టింపు ఉన్నది. అయినా మూడునెలలకొక జత కొనడం కంటె అదే పొదుపని అతనికి లెక్క తేలింది.

కొన్న తరువాత కూడా శ్రద్ధ విడువలేదు. తడిసిన బూట్లను ఎండలోగాని, వేడిపొయ్యి దగ్గరగాని ఆరవేయలేదు. అట్లు చేస్తే అడుగును అతికించిన జిగురు పట్టు సడలుతుంది. పాత వార్తాపత్రికలను ఉండచుట్టి లోపల కూరి నీడన ఉంచేవాడు. గాళ్ళలోని బురదను పుల్లతో తీసేవాడు. నెలకొకసారి బూట్లను తిరగవేసి అరుగుదలను చూసేవాడు. ఎడమబూటు కొన లోపలివైపున ఎక్కువగా అరుగుతుంటే, తాను కాలిని బరువుగా ఈడుస్తున్నానని గ్రహించి అడుగు దిద్దుకొన్నాడు. ఊరిలో ఆ పెద్దాయన పాత చెప్పులను తడిమి చూసినదెందుకో అప్పుడు అతనికి అర్థమైనది. నడచినవాడు మరచిన అడుగులను కూడా చెప్పు గుర్తుంచుకొంటుంది.

మోకాలు పూర్తిగా కుదిరిన నాడు అతడు ఇంటికి ఫోను చేశాడు. "తాతయ్యా, ఒక తెల్లకాగితం మీద నిలబడి పాదాల చుట్టూ గీత గీయించి పంపండి. రెండు పాదాలూ కావాలి. సాయంకాలం పూట గీయించండి" అని కోరాడు.

"ఈ వయసులో నాకు బూట్లెందుకురా? ఏ ఆట ఆడాలని?" అని ఆయన నవ్వారు.

"పొలం గట్టు మీద నడవడానికి."

వారం రోజులకు ఫోనులో ఒక చిత్రం వచ్చింది. గీతల పుస్తకం నుండి చింపిన రెండు కాగితాలు, వాటిమీద పెన్సిలుతో గీసిన రెండు పాదాలు. వ్రేళ్ళు ఎడంగా విచ్చుకొని ఉన్నాయి. ఏండ్ల తరబడి మట్టిని పట్టి నడిచిన పాదాలకు గాని అట్టి వెడల్పు రాదు. ప్రక్కన కొలబద్ద ఉంచి అంగుళాలు వేశారు. క్రింద తాతగారి వ్రాతలో రెండు మాటలున్నాయి: "ఎడమది కొంచెం పెద్దది."

మనుమడు తన పాదాల కాగితాన్ని తీసి ఆ చిత్రం ప్రక్కన ఉంచి చూచుకొన్నాడు. అతనిది కూడా ఎడమదే పెద్దది. ఆ సాయంకాలమే అతడు మరల అంగడికి బయలుదేరాడు.