మారుపేరు

కార్వాన్‌లో తోలి మసీదు దగ్గరి సందు మాది. పీహెచ్‌డీ రాసే రోజుల్లో అర్ధరాత్రి పబ్‌జీ ఆడేదాన్ని. వందమంది దిగే ఆ యుద్ధంలో నాది మగపేరు, మైకు బంద్. ఒకసారి పొరపాటున నా గొంతు వినపడింది. జట్టులోని ముగ్గురూ ఆట వదిలేసి నా వయసడిగారు. పలక్కపోతే బూతులు.

2020 సెప్టెంబరులో ఆ ఆటను నిషేధించారు. 2021లో అది బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాగా తిరిగొచ్చింది. నేనూ వెళ్లాను, పాత మగపేరుతోనే.

మొన్న ఇంటర్ చదివే పక్కింటి పిల్ల ఫోను పట్టుకొచ్చి, "బాజీ, ఏం పేరు పెట్టుకోను?" అంది. 1847లో షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఐర్'ను కరర్ బెల్ పేరుతో ఎందుకు అచ్చువేయించిందో పాఠం చెప్పే నేను, "మగపేరు" అనబోయి ఆగాను.

"నీ పేరే పెట్టుకో. తెలిసిన అమ్మాయిలతో జట్టు కట్టు. బూతులు తిట్టినవాణ్ణి మ్యూట్ చెయ్యి, రిపోర్ట్ కొట్టు."

"మరి ఆటలో మీ పేరేంటి?"

ఆ రాత్రే పేరు మార్చుకున్నాను. మైకు మాత్రం ఇంకా తెరవలేదు.