రెండు కోట్లా, రెండు కోట్ల డెబ్బై లక్షలా?

ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పగానే "నువ్వు స్టాటిస్టిక్స్ వాడివి, చరిత్రతో నీకేం పనిరా?" అన్నాడు మా రూమ్మేటు. పని ఉంది. దీనికంతటికీ కారణం మా తాత ట్రంకుపెట్టె.

మాది నల్లరేగడి ఊరు. మా ఇంట్లో మిరప, పత్తి తప్ప వేరే కబుర్లు తక్కువ. అయితే వయసులో ఉండగా మా తాతకు ఎర్రజెండా అంటే ప్రాణం. 'సోవియట్ భూమి' పత్రిక తెప్పించుకునేవాడట. ఆ నున్నటి కాగితాల్లో సగం మా నాన్న బడిపుస్తకాలకు అట్టలైపోయాయి. మిగిలినవి పెట్టెలో ఉన్నాయి. నిరుడు సంక్రాంతి సెలవుల్లో తిరగేస్తుంటే ఒకచోట, రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ ప్రజలు రెండు కోట్ల మంది ప్రాణాలర్పించారని ఉంది. మా కాలేజీ లైబ్రరీ పుస్తకంలో నేను చదివింది రెండు కోట్ల డెబ్బై లక్షలు. మొదట అచ్చుతప్పు అనుకున్నాను. డెబ్బై లక్షల మంది అచ్చుతప్పులో పోతారా అని తర్వాత నాకే సిగ్గేసింది.

వెతికితే తేలిందేమంటే, రెండూ సర్కారు లెక్కలే! 1946 మార్చిలో స్టాలిన్ చెప్పింది సుమారు 70 లక్షలు. 1961లో కృశ్చేవ్ స్వీడన్ ప్రధానికి రాసిన ఉత్తరంలో రెండు కోట్లన్నాడు. 1990లో గోర్బచేవ్ దాదాపు 2 కోట్ల 70 లక్షలని ప్రకటించాడు. యుద్ధం 1945లోనే అయిపోయింది. చచ్చినవాళ్లు మాత్రం ఆ తర్వాత నలభై అయిదేళ్లు పెరుగుతూనే వచ్చారు.

చివరి లెక్క తీసిన పద్ధతి మా సబ్జెక్టు వాళ్లకు నచ్చుతుంది. 1941 నడుమ జనాభా ఎంత, 1945 చివర ఎంత, ఈలోగా పుట్టిందెందరు, యుద్ధం లేకపోయినా పోవలసినవాళ్లెందరు అని కూడికలూ తీసివేతలూ చేసి 2 కోట్ల 66 లక్షలని తేల్చారు. అందులో సైనికులు 87 లక్షలని తర్వాత ప్రకటించారు. చూశారా, స్టాలిన్ చెప్పిన మొత్తం ఒక్క సైనికుల లెక్కకే చాలదు!

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఫస్టియర్ ప్రాక్టికల్స్‌లో కాంపౌండ్ పెండ్యులం చేసినప్పుడు నాకు 'జి' విలువ 931 వచ్చింది. రికార్డులో 979 రాశాను. ముందు జవాబు రాసుకుని, దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి, ఊగిన సెకన్లు నింపాను. మా బ్యాచీలో నేనొక్కడినే అని చెబితే ఎవరూ నమ్మరు లెండి. సోవియట్ ప్రభుత్వం కూడా సరిగ్గా ఇదే చేసింది. 1934లో స్టాలిన్ పార్టీ మహాసభలో దేశ జనాభా 16 కోట్ల 80 లక్షలని చెప్పి ఉన్నాడు. 1937 జనవరిలో జనగణన చేస్తే 16 కోట్ల 20 లక్షలే తేలారు. మధ్యలో 1932-33 కరువు ఉంది. ఉక్రెయిన్‌లో, కజకిస్తాన్‌లో, ఇంకా ఎన్నో చోట్ల లక్షలాది మంది తిండి లేక పోయారు. అందులో చాలామంది రైతులే, తాము పండించిన గింజలు తమకే దక్కనివాళ్లు. లెక్క నచ్చలేదు. జనగణనను రద్దు చేశారు, చేసిన అధికారులను అరెస్టు చేశారు, కొందరిని కాల్చి చంపారు. 1939లో మళ్లీ లెక్కపెడితే 17 కోట్లు వచ్చింది. రాకేం చేస్తుంది?

అంకెతో పాటు పేరు కూడా పని చేస్తుంది. 1812లో నెపోలియన్ దండెత్తినప్పటి యుద్ధాన్ని రష్యన్లు పితృభూమి యుద్ధం అంటారు. 1941లో హిట్లర్ దాడి చేయగానే అదే పేరుకు 'మహా' చేర్చారు. ఆ పేరుతో యుద్ధం 1941 జూన్ 22న మొదలవుతుంది. అంతకు ముందు 1939లో హిట్లర్‌తో ఒప్పందం చేసుకుని, సెప్టెంబరు 17న పోలండులోకి సోవియట్ సైన్యం దిగిన సంగతి ఆ పేరులో ఇమడదు. అబద్ధం చెప్పనక్కర్లేదు, మొదలుపెట్టే తేదీని జరిపితే చాలు. దీనర్థం ఆ జనం త్యాగం చిన్నదని కాదు. హిట్లర్ సైన్యంలో ఎక్కువ భాగాన్ని విరిచింది వాళ్లే. అందుకే ఆ లెక్క నిజంగా ఉండాలంటాను.

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటు. 2015లో పుతిన్ ఒక ఉత్తర్వు తెచ్చాడు. శాంతికాలంలో జరిగే 'ప్రత్యేక చర్యల్లో' చనిపోయిన సైనికుల సంఖ్య దేశ రహస్యం అని. 2021 జులైలో రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే జాతి అని తానే పెద్ద చరిత్ర వ్యాసం రాశాడు. స్టాలిన్ కాలంలో బలైనవాళ్ల పేర్లు పోగుచేసిన 'మెమోరియల్' సంస్థను మూసేయమని 2021 డిసెంబరు 28న అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రెండు నెలలు తిరక్కుండా, 2022 ఫిబ్రవరి 24న, ట్యాంకులు ఉక్రెయిన్‌లోకి వెళ్లాయి. దాన్ని యుద్ధం అనలేదు, 'ప్రత్యేక సైనిక చర్య' అన్నారు. నాజీలను తొలగించడానికట. మా తాత పత్రికల్లోని మాటలే మళ్లీ వచ్చాయి. 2023లో ఆ 'చర్య' పదకొండో తరగతి చరిత్ర పుస్తకంలో పాఠమైపోయింది. యుద్ధం ముగియకముందే పరీక్షలో ప్రశ్న వచ్చేసిందన్నమాట.

2022 సెప్టెంబరులో తమ సైనికులు 5,937 మంది చనిపోయారని రష్యా రక్షణ మంత్రి చెప్పాడు. ఆ తర్వాత మొత్తం లెక్క బయటికి చెప్పడం మానేశారు. బి.బి.సి. రష్యన్ విభాగం వాళ్లూ, 'మీడియాజోనా' అనే పత్రికవాళ్లూ సంతాప ప్రకటనలూ సమాధుల మీది పేర్లూ ఒక్కొక్కటే రాసుకుంటూ పోతే 2025 వేసవికి ముందే లక్ష పేర్లు దాటాయి. అవి దొరికిన పేర్లు మాత్రమే. ఉక్రెయిన్ కూడా తన నష్టం ఎప్పుడో ఒకసారి తప్ప చెప్పదు, అది వేరే మాట. చచ్చినవాళ్లకు జవాబు చెప్పుకోనక్కర్లేదన్న అలవాటు ఉంటే సేనాని యుద్ధం చేసే తీరే వేరుగా ఉంటుందని నా అనుమానం. 2023 మేలో బఖ్ముత్ అనే ఒక్క ఊరి కోసం తన కిరాయి దళంలో ఇరవై వేల మంది పోయారని వాగ్నర్ నాయకుడు ప్రిగోజిన్ తన నోటితోనే చెప్పాడు. అఫ్గానిస్తాన్‌లో తొమ్మిదేళ్లకు పైగా పోరాడితే సోవియట్ సర్కారు చూపిన లెక్క సుమారు పదిహేను వేలు.

మనకేం సంబంధం అంటారేమో. ఏజెంట్ల మాట నమ్మి హెల్పరు ఉద్యోగమని వెళ్లిన హైదరాబాదు కుర్రవాడొకడు అక్కడ చనిపోయాడని 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ప్రకటించింది. అతణ్ణి వాళ్లు ఏ లెక్కలో వేసుకున్నారో?

నేను ఇంటరులో ఉండగా తుఫాను వానకు మా రెండెకరాల మిర్చి నీళ్లలో నానిపోయింది. నష్టం 33 శాతం దాటితేనే పరిహారం. రాసుకోవడానికి వచ్చినాయన చేలోకి దిగలేదు. గట్టు మీద నుంచే చూసి 30 అని రాసుకుపోయాడు. నాన్న వేరుకుళ్లు వచ్చిన మొక్కలు పీకి చేతిలో పట్టుకుని రోడ్డుదాకా ఆయన వెంట నడిచాడు. ఆ సంవత్సరం మా చేను ప్రభుత్వ లెక్కల్లో దెబ్బతినని చేను.

ఈ అంకెల సంగతంతా తాతకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు సందేహించాను. పెద్దవాడు, ఆ దేశం మీద ఆశ పెట్టుకుని బతికినవాడు. మొన్న దసరాకు వెళ్లినప్పుడు చెప్పాను. సేపటిదాకా మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ డెబ్బై లక్షల ఇళ్లల్లో వాళ్లకు తెలుసు గదరా, మావోడు తిరిగి రాలేదని?" అన్నాడు. తెలుసు తాతా అన్నాను. పెట్టె తెరిపించి ఆ పేజీ తీయించి, పక్కన సరైన అంకె వేయమన్నాడు. పెన్సిలుతో వేశాను. "పెన్నుతో వెయ్యరా, చెరిగిపోద్ది" అని కోప్పడ్డాడు. ఇంకా మారొచ్చు తాతా అని, అలాగే ఉంచాను.