కట్టుడు పళ్ళ పాట

గోడగడియారం ఆగిపోతే మా ఇంట్లో ఒక్కపూటలో తెలుస్తుంది. కాఫీ ఆలస్యమైతే అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. మా అమ్మ పాట ఆగిపోయిందని తెలియడానికి మాత్రం రెండు శ్రావణమాసాలు పట్టింది.

కిందటేడు వరలక్ష్మీ వ్రతానికి గొంతు జలుబు చేసిందంది, నమ్మాం. ఈ ఏడూ వ్రతం వచ్చింది. హారతి పళ్ళెం నా చేతిలో ఉంది. కర్పూరం వెలిగించాను. పేరంటాళ్ళందరూ అమ్మ వైపే చూస్తున్నారు. అమ్మ చీరచెంగు నోటికడ్డం పెట్టుకుని, "మీరే పాడండర్రా" అంది. మాలో ఏ ఒక్కరికీ ఒక్క మంగళహారతైనా చివరికంటా రాదు. ఒకరి మొహం ఒకరు చూసుకునేలోగా కర్పూరం కాస్తా కొండెక్కింది.

సాయంత్రం శనగల తాంబూలాలు ఇచ్చుకోవడం అయ్యాక నిలదీశాను.

"పళ్ళు మార్పించుకున్నప్పటినుంచీ 'శ' అంటే ఈల వస్తోందే. అమ్మవారిని ఈల వేసి పిలవమంటావా?" అంది.

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

మా అమ్మేమీ కచేరీలు చేసిన మనిషి కాదు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు సంగీతం చెప్పించారట. ఆ తర్వాత పప్పు రుబ్బుతూ పాడింది, మమ్మల్ని జోకొడుతూ పాడింది, ఊళ్ళో వాళ్ళ పేరంటాలన్నిట్లోనూ పాడింది. ఏ రేడియోవాళ్ళూ పిలవలేదు. పిలవలేదన్న బాధా లేదు. ఆమె పాట ఇంట్లో ఉప్పుడబ్బాలాంటిది. ఉన్నంతకాలం ఎవరూ దాన్ని తలుచుకోరు.

పక్కగదిలో మా అమ్మాయి ఉంది. దాని చెవుల్లో ఎప్పుడూ ఏవో గుబ్బలుంటాయి కనక మన మాటలు వినపడవని మనం అనుకుంటాం గానీ, అన్నీ వింటుంది. ఫోను పట్టుకొచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, ఈయనవీ కట్టుడు పళ్ళే. విను."

"ఏమిటే ఇది, పెళ్ళి బ్యాండులో బాకాలా ఉంది?"

"బాకాయే. ట్రంపెట్. ఆయన పేరు చెట్ బేకర్."

"చెట్టు బేకరీయా?" అన్నారు మా వారు పేపరు వెనకనుంచి. ఆయన హాస్యం అంతే, మీరు పట్టించుకోకండి.

అది చెప్పిన కథకి నేను తర్వాత చదివింది కూడా కలిపి చెబుతాను. చెట్ బేకర్ 1929లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో పుట్టాడు. ఇరవైమూడేళ్ళకే జాజ్ సంగీతంలో పేరు మోగిపోయింది. సినిమా హీరో లాంటి మొహం. బాకా ఊదడమే కాదు, పాడతాడు కూడా. జాజ్ అంటే బెదిరిపోనక్కర్లేదు. మన కచేరీల్లో కృతి అందరికీ తెలిసిందే అయినా స్వరకల్పన అప్పటికప్పుడు పుట్టుకొస్తుంది కదా, అలాంటిదే. అందరికీ తెలిసిన పాటనే తీసుకుని, ఆ క్షణానికి తోచినట్టు దాన్ని పెంచుకుపోతారు.

ఇంత ఉండీ మత్తుమందుల పాలబడ్డాడు. 1960లో ఇటలీలో అరెస్టయి ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో కొందరు పట్టుకుని కొట్టారు. పెదవి చితికింది, పళ్ళు దెబ్బతిన్నాయి. చివరికి పై పళ్ళు తీయించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకోవాల్సి వచ్చింది.

మనకి పళ్ళు పోతే జంతికలు మానేస్తాం. ట్రంపెట్ ఊదేవాడికి పళ్ళు పోతే వృత్తే పోతుంది. ఆ వాయిద్యానికి మీటలు మూడే. మూడు మీటలతో అన్ని స్వరాలూ రావు. పెదవులు ఎంత బిగించాలి, ఎంత వదలాలి అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. ఆ పెదవులకి వెనకనుంచి దన్ను ముందుపళ్ళు. అవి లేకపోతే గోడ కూలిపోయాక మిగిలిన ద్వారబంధమే. పైగా గట్టిగా అదిమితే కట్టుడు పళ్ళ సెట్టు కదిలిపోతుంది.

కొన్నాళ్ళు పెట్రోలు బంకులో పని చేశానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. కొత్త పళ్ళతో పెదవులకి మళ్ళీ ఓనమాలు దిద్దించడానికి ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో ఒకటి రెండు రికార్డులు చేసినా అవి నిలబడలేదు. 1973లో డిజ్జీ గిలెస్పీ అనే మహావిద్వాంసుడు మాటసాయం చేస్తే న్యూయార్క్‌లో హాఫ్ నోట్ అనే క్లబ్బులో వాయించే అవకాశం దొరికింది. మరుసటి ఏడు, 1974లో, న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియోలో ఒక ఆల్బం రికార్డు చేశాడు. దాని పేరు 'షీ వాజ్ టూ గుడ్ టు మీ'. నాపట్ల ఆమె ఎంతో మంచిగా ఉండేది, నేనే దానికి తగను అన్నట్టు. అది 1930 నాటి పాత పాట పేరు. అప్పటికాయనకి నలభై అయిదేళ్ళు నిండలేదు. దాదాపు నా ఈడే!

ఆ ఆల్బంలో మొదటి పాట 'ఆటమ్ లీవ్స్'. ఆకులు రాలే కాలం గురించి. ఏడు నిమిషాలుంటుంది. పాల్ డెస్మండ్ అనే ఆయన సాక్సఫోన్ తోడుంది. మన తెలుగులో బాకా ఊదడమంటే గొప్పలు చెప్పుకోవడం. ఈ బాకా మాత్రం అర్ధరాత్రి పక్కవాళ్ళకి నిద్రాభంగం కాకుండా మాట్లాడుతున్నట్టుంటుంది. ఆయన పళ్ళున్న రోజుల్లోనూ గట్టిగా ఊదే రకం కాదట.

అమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒళ్ళో వేళ్ళు కదిలాయి. అయిపోగానే, "మళ్ళీ పెట్టవే" అంది.

రెండోసారి విన్నాక అంది: "ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసినవాడు. ఉన్న గాలి ఎంతో అంతే ఖర్చు పెడుతున్నాడు, నెలాఖరు ఇల్లాల్లాగా."

మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. "చూశావా మరి! నువ్వు కూడా…"

అమ్మ అడ్డొచ్చింది. "అది సరే. పెళ్ళాం పిల్లలు ఏమయ్యారు?"

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను ఫోను తీసుకుని వెతికాను. భార్య, ముగ్గురు పిల్లలు. మళ్ళీ పేరొచ్చాక ఆయన చాలాకాలం యూరప్‌లోనే ఊరూరా తిరుగుతూ గడిపాడు. మత్తుమందులు వదల్లేదు. రికార్డులు మాత్రం లెక్కలేనన్ని. 1988 మే 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటల్ కిటికీలోంచి కిందపడి చనిపోయాడు. యాభై ఎనిమిదేళ్ళు.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

"అయితే తిరిగొచ్చింది బాకా ఒక్కటే అన్నమాట. మనిషి రాలేదు" అంది చివరికి. "ఆమె మంచిదని పాడాడు, బాగుంది. ఆ మంచామె ముగ్గురు పిల్లలతో ఎలా నెట్టుకొచ్చిందో దానికి రికార్డు ఉండదు కదా."

నేను కథలు రాసుకు బతికేదాన్ని. ఇల్లు వదిలిపోయిన కథానాయకుణ్ణి ఆఖరి వారంలో గుమ్మంలోకి రప్పించి, పాఠకుల చేత కళ్ళు తుడిపించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పడిపోయి లేచినవాడి కథ చెప్పి అమ్మ చేత మళ్ళీ పాడిద్దామనుకున్నాం. అమ్మ ఆ కథలో ఎవరికీ కనపడని మనిషిని చూసింది. చూడదూ మరి! రెండేళ్ళు ఈ ఇంట్లో ఆమె పాట లేకపోయినా మాలో ఎవరికి కనపడింది?

తర్వాతి శుక్రవారం తెల్లవారుజామున కాఫీ గ్లాసు పట్టుకుని దేవుడిగది దాకా వెళ్ళి గుమ్మం బయటే ఆగిపోయాను. లోపల కర్పూరం వాసన. అమ్మ ఒక్కతే ఉంది. శ్రుతి బాగా దించేసింది. ఒకప్పుడు ఒక్క ఊపిరిలో లాగే పల్లవిని మూడు ముక్కలు చేసి, మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటూ పాడుతోంది. ఆ ఆగే చోట్లు నేనెప్పుడూ వినలేదు. పాట పాతదే.

ఈల వస్తూనే ఉంది. అమ్మవారు ఏమీ అనుకున్నట్టు లేదు.

కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చాను.