ఎడారిలో చలితొడుగు

ఏప్రిల్లో మా ఆగిరిపల్లి తోటలో బంగినపల్లి తొలికోత లెక్కలు చూసుకుంటూంటే, అమెరికా నుంచి అబ్బాయి ఫోను. వాడూ కోడలూ యూటా రాష్ట్రంలో జియాన్ అనే చోటుకి వెళుతున్నారట. ఎడారి ప్రాంతం. వర్జిన్ నది కొండను కోసుకుపోయిన సందులో, నీళ్ళల్లోనే నడవాలిట.

"వెట్‌సూట్ అద్దెకు తీసుకోమంటున్నారమ్మా. ఎడారిలో ఎందుకు, దండగ!" అన్నాడు.

నిజమేననిపించింది. ఈ ఎండల్లో మా ఊళ్ళో ఎవరైనా ఉన్నికోటు అడిగితే నవ్వరూ? ఎందుకో, "ఆ నీళ్ళెక్కడివిరా?" అన్నాను. ఎగువ కొండలమీద మంచు కరిగి వస్తాయిట! ప్రవాహం సెకనుకు 150 ఘనపుటడుగులు దాటితే దారే మూసేస్తారుట. గోడల ఎత్తు వెయ్యి అడుగులు, మధ్య సందు కొన్నిచోట్ల 20, 30 అడుగులే.

చిన్నప్పుడు రోహిణికార్తెలో తోట దిగుడుబావిలో గంటలకొద్దీ ఈది, పెదాలు నల్లబడి వణికేవాళ్ళం. గట్టెక్కితే ఎండ, క్షణంలో ఒళ్ళు ఆరేది. అక్కడ గట్టేదీ, ఎండేదీ? ఆ రబ్బరు తొడుగు నీళ్ళను పూర్తిగా ఆపదు. లోపల చేరిన పలచటి నీటిపొర మన ఒంటివేడికే వెచ్చబడి అక్కడే నిలుస్తుంది. చలిని ఆపేది మాత్రం ఆ రబ్బరులోని సన్నటి వాయుబుడగలే. అదీ దాని కిటుకు.

"తీసుకోరా" అన్నాను.

"సరేనమ్మా" అన్నాడు వెంటనే.

వెనకనుంచి కోడలి గొంతు. "రెండ్రోజులుగా నేనూ అదే చెబుతున్నానత్తయ్యా!"

"ఫోను అమ్మాయికియ్యి" అన్నాను. "కొలతలు నువ్వు చూసుకోవే. అద్దె మాత్రం వాడిచేత కట్టించు."