తీజ్ బుట్ట ఎండొద్దన్నది దాది

మేము ముగ్గురం. ఒకరిది జగిత్యాల, ఒకరిది కోరుట్ల, ఒకరిది సిరిసిల్ల. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు కలిసి ఒక గేమ్ చేస్తున్నం. పేరు తీజ్.

శ్రావణంలో మన తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతరు కదా, ఆట అంతా అదే. నీళ్లు ఆలస్యమైతే మొలకలు ఎండుతయి, గేమ్ ఓవర్. అట్ల అనుకున్నం. బొమ్మలకు బ్లెండర్, గేమ్‌కు గోడాట్. రెండూ ఫ్రీ. ఫేటియా మీది అద్దాలన్నీ విడివిడిగా చేస్తే ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ ఆగిపోయింది, ఇప్పుడు అద్దాల బొమ్మనే బట్ట మీద అతికించినం.

పాటల కోసం సిరిసిల్ల వైపు తండాలో ఒక దాది దగ్గరికి పోయినం. ఎండిన బుట్ట చూసి, "ఆటకైనా తీజ్ ఎండబెడ్తరా?" అన్నది. పాట పాడలేదు.

బస్సులో మాలో మాకే లొల్లి. ఓడిపోకుంటే గేమెట్లయితదని ఒకరు. 2014లో వచ్చిన 'నెవర్ అలోన్' గేమ్‌ను అలాస్కా ఇన్యుపియాట్ పెద్దలతో కలిసి చేసిన్రు, కథ చెప్పే గొంతు కూడా వాళ్ల భాషదే. మేమేమో సగం చేసినంక అడిగినం.

ఇప్పుడు మొలకలు ఎండవు. మనం ఆలస్యం చేస్తే పక్కింటి పిల్ల వచ్చి పోస్తది, మర్నాడు ఆమె బుట్టకు మనం పోయాలె. రివ్యూలో ఏమంటరో చూడాలె.

ఆదివారం మళ్లీ దాది దగ్గరికి పోతున్నం. కోరుట్ల వైపు తీజ్ పాటలు తెలిసిన పెద్దోళ్లుంటే చెప్పండి. ల్యాప్‌టాప్ తెరవకముందే వచ్చి అడుగుతం.